పటికయు సున్నమును: కాగితపు ఆయుర్దాయ చరిత్ర

గ్రంథాలయముతో సంబంధము గలవారందరును ఎరిగిన వింత యొకటి కలదు. నూటయేబది సంవత్సరముల క్రిందటి దస్తావేజును విప్పినచో కాగితము మడతవద్ద విరుగక వంగును. అరువది, డెబ్బది సంవత్సరముల క్రిందట అచ్చయిన నవలను తెరచినచో పుట అంచు అప్పడమువలె విరిగి చదువరి ఒడిలో రాలును. దానిని చెదలు తినలేదు, వాన తడుపలేదు, పిల్లలు చింపలేదు. బీరువాలో భద్రముగా నున్న పుస్తకమే తనంతట తాను గోధుమవన్నెకు తిరిగి పొడియగుచున్నది. ముసలిది నిలిచియుండగా పడుచుది కూలుటకు కారణమేమి?

దీనికి సమాధానము బీరువాలో లేదు. కాగితము పుట్టిన చోటనే, ఆ గుజ్జులో కలిపిన పటికలో నున్నది. ఆ చరిత్ర తెలిసినచో గ్రంథాలయములోని పుస్తకములలో ఏవి ముందుగా పోవునో, వేనిని ముందుగా కాపాడవలెనో కూడ తెలియగలదు.

తాటియాకు, గుడ్డపీలిక

ఆంధ్రదేశమున గ్రంథములకు చిరకాలము ఆధారమైనది తాటియాకు. ఆకును ఉడికించి, ఆరబెట్టి, నునుపుచేసి, గంటముతో అక్షరములను గీచి, ఆ గీతలలో మసి పూసెడివారు. కావ్యములును, వైద్యగ్రంథములును, కరణముల కవిలెకట్టలును ఈ విధముగనే వ్రాయబడినవి. మసి యనగా బొగ్గుపొడి. అది ఆకునకు ఏ అపకారమును చేయదు.

ఐనను తాటియాకు చిరంజీవి యని తలపరాదు. పదునొకండవ శతాబ్దమున నన్నయ స్వయముగా వ్రాసిన ఆకు నేడొక్కటియు లేదు. భారతము నిలిచినది ఆకు గట్టిదనమువలన కాదు. ఆకు శిథిలమగుటకు ముందే ప్రతి తరమునను ఎవరో ఒక లేఖకుడు కూర్చుండి మరల ప్రతి వ్రాయుటవలన నిలిచినది.

కర్నల్ కాలిన్ మెకంజీ గ్రామచరిత్రలను సేకరింపబూనినపుడు ఆయనకు కుడిభుజముగా నిలిచినవారు కావలి వేంకట బొఱ్ఱయ్య, లక్ష్మయ్య సోదరులు. కరణముల కవిలెలనుండి ఎత్తి వ్రాయించిన కైఫీయతులే నేటికి గ్రామముల చరిత్రకు మూలాధారములు. మెకంజీ 1821లో కీర్తిశేషుడయ్యెను. తరువాత ఆ కాగితములు శిథిలమగుచుండుట చూచి చార్లెస్ ఫిలిప్ బ్రౌను (1798–1884) వానికి శుద్ధప్రతులు వ్రాయించెను. ఆ ప్రతులు లేనిచో ఎన్నియో గ్రామముల పూర్వవృత్తాంతము మట్టిలో కలసియుండెడిది. ఆకైనను, కాగితమైనను సకాలమున ప్రతి చేసినవారే గ్రంథమునకు ప్రాణదాతలు.

ఇక కాగితము. చైనాదేశమున క్రీస్తుశకము 105వ సంవత్సరమున త్సాయ్ లూన్ అను రాజోద్యోగి చెట్టుబెరడు, పాతగుడ్డలు, పాతవలలు దంచి కాగితము చేయు విధానమును చక్రవర్తికి నివేదించెనని చరిత్ర చెప్పుచున్నది. ఆ విద్య అరబ్బులకు, పారసీకులకు అందినది. తెలుగున “కాగితము” అను మాటయే పారసీక భాషనుండి వచ్చినది. ఈ దేశపు కాగితపు పనివారు పాతత్రాళ్లు, గోనెలు, గుడ్డపీలికలను సున్నపునీట నానబెట్టి, రోకటితో దంచి, గుజ్జును నీటిలో కలిపి, జల్లెడవంటి చాపతో పలుచని పొరగా తేల్చెడివారు. ఆరిన తరువాత గంజిపూసి నున్నని రాతితో రుద్దెడివారు.

ఈ పాతపద్ధతిలో రెండు గుణములు కలవు. మొదటిది, గుడ్డలోను నారలోను నున్న పోగులు పొడవైనవి. రెండవది, నానబెట్టిన సున్నములో కొంత కాగితములోనే మిగిలిపోవును. ఆ మిగిలిన సున్నమే తరువాతి కాలమున గాలినుండియో సిరానుండియో వచ్చు పులుపును విఱిచి కాగితమును రక్షించుచుండెను. పనివారు ఆయుర్వృద్ధికై సున్నము వేయలేదు. నార మెత్తబడుటకై వేసిరి. మేలుమాత్రము మనుమల కాలమువరకు నిలిచినది.

యంత్రము వచ్చుట

1799లో ఫ్రాన్సుదేశీయుడు లూయీ నికొలా రాబేర్ కాగితమును ఎడతెగని చుట్టగా చేయు యంత్రమును కనిపెట్టెను. చేతితో ఒక్కొక్క తావు ఎత్తు పని తప్పినది. కాని కాగితమునకు జిగురు పెట్టనిచో సిరా పాకును. ఒక్కొక్క తావును జిగురునీట ముంచుటకు యంత్రపు వేగము ఓర్వదు. 1807లో మోరిట్జ్ ఇల్లిగ్ అను జర్మను దీనికొక ఉపాయము ప్రకటించెను. సరళవృక్షపు బంకనుండి తీసిన రోజినమును పటికతో కలిపి తొట్టిలోని గుజ్జులోనే వేయుట ఆ ఉపాయము. రోజినము నీటిని ఆపును. పటిక ఆ రోజినమును పోగునకు అంటించును.

కృష్ణ కాలువల నీరు త్రాగినవారికి పటిక క్రొత్తది కాదు. వరదకాలమున బిందెలోని ఎఱ్ఱనీటిని తేర్చుటకు పటికముక్కను త్రిప్పుట ప్రతి యింటను ఎరిగినదే. నీటిలో మట్టిని పట్టి అడుగునకు దించు గుణమే కాగితపు తొట్టిలో రోజినమును పట్టి పోగుపై నిలుపుచున్నది. ఐతే పటికజాతి లవణము నీటితో కలసినపుడు కొంత గంధకికామ్లము వెలువడును. బిందెలోని నీరు ఆ పూటనో మరునాడో ఖర్చగును గనుక హాని లేదు. కాగితములోని పటిక అచ్చటనే కాపురముండును. గాలిలోని తేమ సోకినప్పుడెల్ల ఆమ్లము తన పని తాను చేయుచునే యుండును.

గుడ్డపీలికలు ప్రపంచపు అవసరములకు చాలకపోవుటచే 1844లో జర్మనీలో కెల్లర్ అనునతడు కొయ్యను రాతిపై అరగదీసి గుజ్జు చేసెను. 1850 ప్రాంతములలో కొయ్యను సోడాక్షారములో ఉడికించు పద్ధతి వచ్చెను. 1879లో డాల్ అను జర్మను రసాయనికుడు ఆ క్షారమునకు గంధకలవణము చేర్చి బలమైన గుజ్జు తీసెను. కాగితము ధర పడిపోయెను. గ్రంథము ధనవంతుని పెట్టెనుండి సామాన్యుని చేతికి వచ్చెను.

రాజమహేంద్రవరపు వెదురు

కాగితమున నున్న ముఖ్యపదార్థము సెల్యులోజు. 1838లో దీనిని వేరుచేసి గుర్తించినవాడు ఫ్రెంచి రసాయనశాస్త్రజ్ఞుడు ఆన్సెల్మ్ పాయెన్. గ్లూకోజు అను చక్కెరపూసలు ఒకదానితో నొకటి లంకెపడి ఏర్పడిన గొలుసే సెల్యులోజు. ప్రత్తిపోగులో ఒక్కొక్క గొలుసున పదివేల వఱకును పూసలుండును. గంజిలో నున్నదియు గ్లూకోజే; కాని లంకెపడిన తీరు వేరగుటచే గంజి ఆహారమైనది, సెల్యులోజు నారయైనది. గొలుసు పొడవుగా నున్నంతకాలము కాగితము వంగును. ముక్కలై, పూసలు కొన్ని వందలకు దిగినపుడు కాగితము విరుగును. పుస్తకపు ఆయువు ఈ గొలుసు పొడవే.

వెదురులో సెల్యులోజుతోపాటు మరి రెండు వస్తువులు కలవు. ఒకటి హెమిసెల్యులోజు, ఇదియు చక్కెరల గొలుసే గాని పొట్టిది, బలహీనమైనది. రెండవది లిగ్నిను, పోగులను గోడకు సున్నపుగారవలె పట్టియుంచు బిరుసుపదార్థము. కాగితము చేయుట యనగా లిగ్నినును తొలగించి సెల్యులోజును మిగుల్చుట. కాని లిగ్నినును విడగొట్టు మందు సెల్యులోజును పూర్తిగా విడిచిపెట్టదు. అదియే ఈ పరిశ్రమకు మొదటినుండియు నున్న చిక్కు.

వెదురునుండి కాగితము తీయవచ్చునని ఇంగ్లండున థామస్ రట్లెడ్జి 1875లోనే వాదించెను. దెహరాదూను అటవీ పరిశోధనాలయమున విలియం రైట్ వెదురును అంచెలంచెలుగా ఉడికించు పద్ధతిని పరిశోధించెను. 1925లో వెదురు కాగితపు పరిశ్రమకు రక్షణసుంకము కల్పించుచు శాసనము వచ్చెను. ఆ దశకముననే రాజమహేంద్రవరమున గోదావరీతీరమందు కర్నాటిక్ పేపర్ మిల్స్ అను పేర కాగితపు కర్మాగారము వెలసినది. అది ఒడుదుడుకులకు లోనై, ఆంధ్ర పేపర్ మిల్స్‌గా మారి, ప్రభుత్వహస్తమునకు వచ్చి, 1964లో ఆంధ్రప్రదేశ్ పేపర్ మిల్స్ అను సంస్థ యయ్యెను. 2011లో ఇంటర్నేషనల్ పేపర్ అను అమెరికా సంస్థకును, 2019లో వెస్ట్ కోస్ట్ పేపర్ మిల్స్ సంస్థకును చేరినది. తెలంగాణమున నిజాము కాలములో 1938లో స్థాపితమై 1942లో ఉత్పత్తి ప్రారంభించిన సిర్పూరు మిల్లు పేరుమీదనే కొత్తపేట గ్రామము కాగజ్‌నగరమైనది. ఆ మిల్లు 2014లో మూతపడి, 2018లో జె.కె. పేపర్ సంస్థ చేతిలో మరల తెరువబడినది.

వెదురు ఇట్టి మిల్లులో ప్రవేశించినది మొదలు సెల్యులోజు గొలుసునకు మూడు దెబ్బలు తగులును.

మొదటి దెబ్బ ఉడుకుడు కొప్పెరలో. ముక్కలుగా నఱికిన వెదురును కాస్టిక్ సోడాయు, సోడియం సల్ఫైడును కలిసిన నీటిలో, మూసిన ఇనుప కొప్పెరలో, సుమారు 160–170 డిగ్రీల వేడిమిలో కొన్ని గంటలు ఉడికింతురు. లిగ్నిను కరగి నల్లనీరగును. అదే సమయమున క్షారము సెల్యులోజు గొలుసును కొసనుండి ఒక్కొక్క పూస చొప్పున ఒలుచును. వేడిమి మితిమీరినచో గొలుసు నడుమను తెగును. హెమిసెల్యులోజులో మంచిభాగము కరగిపోవును. తూకము చూచినచో వెదురులో ఇంచుమించు సగము నల్లనీటిలో పోయి సగమే గుజ్జుగా మిగులును.

రెండవ దెబ్బ తెలుపుచేయు తొట్టిలో. ఉడికిన గుజ్జు గోధుమవన్నెగా నుండును. దానిని క్లోరినుతోను, సున్నమున క్లోరిను పట్టించిన బ్లీచింగు పౌడరుతోను తెలుపుచేసెడివారు. ఈ మందు రంగును తినుటతో నాగక గొలుసుపై అక్కడక్కడ ఆమ్లజనిని చేర్చి లంకెలను బలహీనపఱచును. కడు తెల్లని కాగితమే కడు మేలైనదని కొనువారు భ్రమింతురు. తెలుపు హద్దుమీరినకొలది గొలుసు పొట్టియగుట సహజము.

ఈ రెండు దెబ్బలును మిల్లులోనే ముగియును. తగిన నేర్పుతో వానిని తగ్గింపవచ్చును. మూడవది పటిక. అది కాగితముతోపాటు బండియెక్కి, అచ్చాఫీసునకు పోయి, పుస్తకమై గ్రంథాలయ బీరువాలో చేరును. ఆమ్లము గొలుసులోని లంకెవద్ద ఒక నీటి అణువును దూర్చి లంకెను తెంచును. ఈ పనిలో తాను ఖర్చుగాదు. ఒకదానిని తెంచి మరియొకదానికి పోవును. తెగిన ముక్కలు మరికొంత మార్పుచెంది క్రొత్త ఆమ్లములను పుట్టించును. హెమిసెల్యులోజునుండి వెనిగరులోని పులుపైన ఎసిటికామ్లము వెలువడును. పాతపుస్తకము తెరచినపుడు వచ్చు వాసనలో ఈ క్షయమునకు సంబంధించిన పదార్థములు కలవు. అప్పుపై వడ్డీ, ఆ వడ్డీపై మరల వడ్డీ పెరుగునట్లు, క్షయము తానే క్షయమునకు కారణమై చక్రవడ్డీ లెక్కను పెరుగును. అందుచేతనే ముప్పది సంవత్సరములు బాగుగా కనిపించిన పుస్తకము తరువాత త్వరగా కూలును.

అమెరికాలో విలియం బారో అను గ్రంథసంరక్షకుడు 1900–1949 నడుమ అచ్చయిన 500 పుస్తకముల కాగితమును పరీక్షించి, వానిలో అత్యధికభాగము ఆ శతాబ్దము దాటి వాడుకకు నిలువజాలవని 1959లో ప్రకటించెను. పటికయే ప్రధానదోషి యని ఆయన పరిశోధన తేల్చినది.

గ్రంథాలయోద్యమపు పుస్తకములు

ఇక ఆ యేబది సంవత్సరములలో తెలుగునాట ఏమి జరిగినదో చూడుడు. 1906లో విజ్ఞానచంద్రికా మండలి స్థాపితమయ్యెను. దానికి జీవగఱ్ఱయైన కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావు (1877–1923) ఇబ్రహీంపట్నమునకు దవ్వుగాని పెనుగంచిప్రోలున జన్మించినవాడు. 1911లో బెజవాడలో రామమోహన ధర్మగ్రంథాలయము వెలసెను. 1914లో ఆ నగరముననే ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల తొలిమహాసభ చిలకమర్తి లక్ష్మీనరసింహము అధ్యక్షతన జరిగెను. అయ్యంకి వేంకటరమణయ్య ఊరూర గ్రంథాలయములకై తిరిగెను. కాశీనాథుని నాగేశ్వరరావు (1867–1938) ఆంధ్రగ్రంథమాల ద్వారా మంచిగ్రంథములను చవుకగా అందించెను. 1935లో పాతూరి నాగభూషణము కృష్ణ పశ్చిమ డెల్టా కాలువపై పడవలో గ్రంథాలయమును నడిపించెను.

ఈ మహాకార్యమంతయు చవుకకాగితము లేనిచో జరిగియుండెడిది కాదు. కూలివాని కొడుకునకు పుస్తకము చేతికందినది యంత్రపు గుజ్జువలన, పటికవలన. ఆ పటికయే నేడు ఆ పుస్తకములను తినుచున్నది. చవుకయు, క్షయమును ఒకే తొట్టిలో పుట్టిన కవలలు. 1939–1945 యుద్ధకాలమున కాగితపు కఱవు వచ్చి, దొరికిన నాసికాగితముపైననే అచ్చువేయవలసివచ్చెను. కావున ఏ పుస్తకములు ఈ ప్రాంతపు ప్రజలకు కన్నులు తెరిపించినవో, అవియే ముందుగా కన్నుమూయుచున్నవి. ఆనాటి ప్రచురణకర్తలను నిందించుట తగదు. వారు ఎరిగి చేసినది కాదు. వారు చేసినదానివలననే గ్రామమున చదువరులు పుట్టిరి. వారి ఋణమును తీర్చుట తరువాతివారి వంతు.

కర్తవ్యము

మందు లేకపోలేదు. విచిత్రమేమనగా, పటికచేసిన కీడునకు విరుగుడు పూర్వపు కాగితపు పనివాని సున్నమే. శిథిలపత్రములను సున్నపుతేటలోనో, సున్నము మెగ్నీషియముల బైకార్బొనేటు నీటిలోనో ముంచి ఆమ్లమును విఱిచెదరు. ఢిల్లీలోని జాతీయ అభిలేఖాలయమున బలహీనపు కాగితమునకు ఇరువైపుల పలుచనిపొర అంటించి నిలుపు విధానమును రూపొందించిరి. తరువాతి కాలమున పలుచని జపాను కాగితము పిండిజిగురుతో అతికించుట మేలని నిపుణులు భావించుచున్నారు. ఐతే ఇవి శిక్షితులు చేయవలసిన పనులు. గ్రామములో ఎవరును సొంతముగా పుస్తకమును సున్నపునీట ముంపరాదు. సిరా పాకవచ్చును, కట్టు విడిపోవచ్చును.

క్రొత్త కాగితము విషయమున స్థితి మెరుగుపడినది. పటిక, రోజినములకు బదులు ఆమ్లము లేని జిగురులు 1950ల నుండి వచ్చినవి. 1994లో వెలువడిన ఐ.ఎస్.ఓ. 9706 అను అంతర్జాతీయ ప్రమాణము, చిరకాలము నిలువవలసిన కాగితములో నూటికి రెండుపాళ్ల సుద్దకు సరిపోవు క్షారనిలువ ఉండవలెనని విధించినది. అనగా పాతకాలపు సున్నమే కొలతతో మరల తొట్టిలోనికి వచ్చినది.

గ్రామగ్రంథాలయము చేయదగిన పనులు వేరు. వేడిమి పెరిగినకొలది ఆమ్లపు పని వేగమగును. ఇంచుమించు ప్రతి పది డిగ్రీలకు అది రెట్టింపో, అంతకు మించియో యగును. కావున రోహిణికార్తె ఎండ తగులు పడమటిగోడకు, రేకుల కప్పునకు దగ్గరగా పుస్తకములు ఉంచరాదు. వానకాలపు చెమ్మలో నేలనంటి ఉంచరాదు. బొగ్గు మండినపుడు వెలువడు గంధకవాయువులు తేమతో కలసి కాగితమున ఆమ్లమగును. 1979 నుండి బొగ్గుతో విద్యుదుత్పత్తి జరుగుచున్న ఇబ్రహీంపట్నమున అరుదైన పుస్తకములకు మూతపెట్టెలు మేలు. పుటలనడుమ వార్తాపత్రిక ముక్కలు పెట్టరాదు. వానిలోని లిగ్నిను, ఆమ్లము ప్రక్కపుటకు అంటును. చిరిగినచోట జిగురుటేపు అతికింపరాదు. కర్పూరపు ఉండలు పురుగును ఆపునేగాని ఆమ్లమును ఆపజాలవు. కరక్కాయ, అన్నభేది సిరాతో వ్రాసిన పాతలెక్కలు అక్షరమున్న చోటనే చిల్లులు పడవచ్చును. ఆ సిరాయే ఆమ్లము. వానిని మాటిమాటికి విప్పరాదు.

అన్నిటికంటె ముఖ్యమైనది ప్రతి చేయుట. 2000 తరువాత డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా కార్యక్రమమున, హైదరాబాదు ఐ.ఐ.ఐ.టి. వంటి విద్యాసంస్థల తోడ్పాటుతో, తెలుగుపుస్తకములు వేలకొలదిగా ఛాయాప్రతులైనవి. ప్రసిద్ధకావ్యములకు ఇక భయము తక్కువ. భయమంతయు ప్రసిద్ధిలేని వానికే. పెద్దల ఇండ్లనుండి దానముగా వచ్చిన చిన్నపుస్తకములు, స్థానికకవుల శతకములు, బడి వార్షికోత్సవ సంచికలు, సంఘముల తీర్మానపుస్తకములు, 1984లో కరణీకములు రద్దయిన తరువాత ఇండ్లలో మిగిలిపోయిన పాతకాగితములు మరియొకచోట లేవు. ఇవి పోయినచో గ్రామము తన చరిత్రను మరియొక గ్రంథాలయమున వెదకికొనజాలదు.

గ్రంథాలయ సభ్యులు పూనుకొన్నచో ఈ సంవత్సరముననే మూడు పనులు సాధ్యము. ఒకటి, 1960కి పూర్వపు పుస్తకముల జాబితా వ్రాసి, మరెక్కడను ప్రతి లేనివానికి గుర్తు పెట్టుట. రెండు, గుర్తుపెట్టిన వానిని విరుగకమునుపే ఛాయాప్రతులు తీసి రెండుచోట్ల భద్రపఱచుట. మూడు, ఈ రజతోత్సవసంచిక ప్రతులలో కొన్నింటినైనను ఆమ్లములేని కాగితముపై ముద్రించి బీరువాలో ఉంచుట. స్వర్ణోత్సవమునకు ఇరువదియైదు సంవత్సరముల గడువు కలదు. పటికకు ఆ గడువు చాలును. దానికంటె ముందుగా చేయి వేయవలసినది చదువరులే.